పాత నగరంలో హోటల్ బుక్ చేస్తున్నారా? వసతి పన్ను లెక్క ముందే వేసుకోండి

రోమ్‌లో చివరి రోజు, తెల్లవారుజామున నాలుగున్నర. కింద టాక్సీ వచ్చి నిలబడింది. రూము డబ్బు రెండు నెలల క్రితమే ఆన్‌లైన్‌లో కట్టేశాం కాబట్టి తాళంచెవి కౌంటరు మీద పెట్టి బయల్దేరడమే అనుకున్నాం. రాత్రి డ్యూటీ కుర్రాడు నిద్రమత్తులోనే ఒక చిన్న కాగితం ముందుకు జరిపాడు. దాని మీద 60 యూరోలు. కార్డు మెషీన్ పనిచెయ్యడం లేదు, నగదు ఇవ్వమన్నాడు. జేబులన్నీ దులిపితే 35 తేలాయి. మిగతావాటి కోసం ఏటీఎం వెతుక్కుంటూ ఆ రాళ్లు పరిచిన సందుల్లో పరుగెత్తాను. విమానం అందింది గానీ ఆ అరగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందులో మోసమేమీ లేదు. ఆ 60 యూరోలు రోమ్ నగరపాలక సంస్థకు వెళ్లే వసతి పన్ను, పైసాతో సహా సరైన లెక్క. బుకింగ్ పేజీలో అడుగున "నగర పన్ను ధరలో కలపలేదు" అని ఒక వాక్యం ఉందట. నేను చదవలేదు, అంతే. అప్పటి నుంచి పాత నగరాల్లో ఎక్కడ దిగాలన్నా డబ్బు కట్టకముందే కాగితం మీద ఈ లెక్క వేసుకోవడం అలవాటైంది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: బిల్లులో ఏది ఏమిటో గుర్తుపట్టడం

హోటల్ బిల్లులో గదికి ఇచ్చే డబ్బు కాకుండా మూడు రకాల వడ్డింపులు ఉంటాయి. ఒకటి వ్యాట్ లాంటి అమ్మకం పన్ను. ఏ వస్తువు కొన్నా ఉండేదే ఇక్కడా ఉంటుంది. రెండోది ఆ ఊళ్లో రాత్రి గడిపినందుకు నగరమో ప్రాంతమో వేసే వసతి పన్ను. మూడోది అసలు పన్నే కాదు, హోటల్ తన ఇష్టానికి పెట్టుకున్న ఫీజు. ఈ మూడింటినీ కలిపి "టాక్సులు, ఫీజులు" అని ఒకే మూటలో చూపిస్తే చాలామంది తల ఊపి కట్టేస్తారు. ఆ మూట విప్పి చూడాలి.

యూరప్‌లో వ్యాట్ సాధారణంగా చూపించే ధరలోనే కలిసి ఉంటుంది. వసతి పన్ను మాత్రం చాలా చోట్ల విడిగా, హోటల్లోనే వసూలు చేస్తారు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ పన్నులేవీ కలపకుండా మొదటి ధర చూపించడం మామూలే. న్యూయార్క్‌లో గది మీద పన్నులన్నీ కలిపి 14.75 శాతం, దాని పైన రాత్రికి 3.50 డాలర్లు. అంటే 300 డాలర్ల గది రాత్రికి 347.75 అవుతుంది.

బిల్లు మీద పేరు ఆ దేశపు భాషలోనే ఉండొచ్చు. ఇటలీలో "ఇంపోస్తా ది సొజ్జోర్నో", ఫ్రాన్స్‌లో "టాక్స్ ద సెజూర్", నెదర్లాండ్స్‌లో "టూరిస్టెన్‌బెలాస్టింగ్", జపాన్‌లో "షుకుహకుజెయి". ఈ పేర్లు ఫోన్‌లో రాసిపెట్టుకుంటే కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన పన్నేమీ కాదు. ఫ్రాన్స్ 1910లోనే మొదలుపెట్టింది. ఆరోగ్యం కోసం వేడినీటి బుగ్గల ఊళ్లకు వచ్చేవాళ్లు అక్కడి వీధులు, తోటలు వాడుకుంటున్నారు కదా, ఆ ఖర్చులో కొంత వాళ్లూ భరించాలన్నది ఆలోచన. ఇటలీలోనూ అదే కాలంలో వచ్చి, 1989లో పోయి, 2011 జనవరిలో రోమ్‌తో మళ్లీ తిరిగొచ్చింది. నివాసం ఉండేవాళ్లు కొద్దిమంది, వచ్చిపోయేవాళ్లు లక్షల్లో ఉన్న ఊళ్లో చెత్త ఎత్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు ఇది వాళ్ల జవాబు. నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. చిన్న అక్షరాల్లో దాచడమే అన్యాయం.

రెండో మెట్టు: ఆ ఊరు దేన్ని బట్టి లెక్క కడుతుందో తెలుసుకోవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. తలకి ఇంత అని కడతారా, గదికి ఇంత అనా, ధరలో శాతమా, ధర ఏ మెట్టులో పడితే ఆ మొత్తమా? ఈ నాలుగింట్లో ఏదో తెలిస్తే మిగతాదంతా కూడికలూ గుణకారాలే.

తలకి, రాత్రికి ఇంత అన్నది రోమ్ పద్ధతి. హోటల్‌కి ఎన్ని నక్షత్రాలుంటే అంత ఎక్కువ. 2023 అక్టోబరు నుంచి ఉన్న రేట్ల ప్రకారం మూడు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగైతే 7.50, ఐదైతే 10. మాది నాలుగు నక్షత్రాల హోటల్, ఇద్దరు పెద్దవాళ్లం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగు రాత్రులు. బాబుకి పన్ను లేదు. 2 × 4 × 7.50 = 60. తెల్లవారుజామున నా ముందుకొచ్చిన కాగితం ఇదే.

గదికి ఇంత అన్నది గ్రీసు పద్ధతి. అక్కడ వాతావరణ విపత్తుల నిధి పేరుతో 2024 నుంచి వసూలు చేస్తున్నారు. ఏథెన్స్‌లో ఐదు నక్షత్రాల గదికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రాత్రికి 15 యూరోలు, నాలుగు నక్షత్రాలకు 10. చలికాలంలో తక్కువ. గదిలో ఒక్కరున్నా ముగ్గురున్నా అదే మొత్తం కాబట్టి ఒంటరిగా వెళ్లేవాడికి ఇది బరువు, కుటుంబానికి తేలిక. రోమ్‌లో దీనికి సరిగ్గా ఉల్టా.

శాతం పద్ధతికి ఆమ్‌స్టర్‌డామ్ మంచి ఉదాహరణ. 2024 నుంచి అక్కడ గది ధర మీద 12.5 శాతం. ఈ శాతం దేని మీద అన్నది చూసుకోవాలి. 2026 జనవరి నుంచి నెదర్లాండ్స్‌లో గదుల మీద వ్యాట్ 9 శాతం నుంచి 21కి పెరిగింది. గది అసలు ధర 200 యూరోలనుకోండి. వ్యాట్ 42. అంటే తెర మీద కనిపించేది 242. నగర పన్ను 242 మీద కాదు, వ్యాట్ కలపని 200 మీదే. కాబట్టి 25 యూరోలు. మొత్తం 267. చాలామంది 242 మీద లెక్కవేసి 30 చిల్లర అనుకుంటారు. కౌంటరులో ఎవరైనా పొరపాటున అలా వేసినా మీరు పట్టుకోగలగాలి.

బెర్లిన్‌లో 2014లో 5 శాతంతో మొదలై 2025 నుంచి 7.5 అయింది. ఇస్తాంబుల్‌లో, ఆ మాటకొస్తే టర్కీ అంతటా, 2023 నుంచి 2 శాతం. ఎడిన్‌బరోలో 2026 జూలై 24 నుంచి గడిపే రాత్రులకు 5 శాతం.

నాలుగోది మెట్ల పద్ధతి. క్యోటో 2018 అక్టోబరులో ఈ పన్ను మొదలుపెట్టింది. 2026 మార్చి నుంచి మెట్లు బాగా పెంచింది. మనిషికి రాత్రికి పడే ధర 6,000 యెన్‌ల లోపైతే 200 యెన్‌లు, 20,000 లోపైతే 400, 50,000 లోపైతే 1,000, లక్ష లోపైతే 4,000, లక్ష దాటితే 10,000. ఇద్దరికి కలిపి గది 39,000 యెన్‌లనుకోండి. తలకి 19,500 పడింది, పన్ను చెరి 400. అదే గది 41,000 అయితే తలకి 20,500, పన్ను చెరి 1,000. గది ధర పెరిగింది 2,000, పన్ను పెరిగింది ఇద్దరికీ కలిపి 1,200. గీతకి అటూ ఇటూ ఉన్న గదుల్ని పోల్చేటప్పుడు ఇది చూడకపోతే "కొంచెమే కదా తేడా" అని మంచి గది తీసుకున్నవాడికి అసలు తేడా రాత్రికి 3,200 అని చివర్లో తెలుస్తుంది. ఇక్కడ చూసేది భోజనం, అమ్మకం పన్ను తీసేశాక మిగిలే ధర. రెండు పూటలా భోజనంతో కలిపి ఇచ్చే సంప్రదాయ సత్రాల్లో పన్ను ఏ మెట్టులో పడుతుందో వాళ్లనే అడగడం మేలు.

మూడో మెట్టు: హోటల్ తరగతి, ఊరి సరిహద్దు

పాత నగరాల హోటళ్లతో ఒక తమాషా ఉంది. నక్షత్రాలు వయసుని బట్టి రావు, సదుపాయాల్ని బట్టి వస్తాయి. నాలుగు వందల ఏళ్ల భవనం, పైకప్పు నిండా బొమ్మలు, కిటికీ తీస్తే గంటస్తంభం. అయినా లిఫ్టు లేక, రాత్రంతా కౌంటరులో మనిషి లేక మూడు నక్షత్రాల దగ్గరే ఆగిపోయినవి ఉంటాయి. ఊరి బయట నిన్నగాక మొన్న కట్టిన గాజు భవనానికి నాలుగుంటాయి. పన్ను నక్షత్రాల వెంటే నడుస్తుంది. కాబట్టి పాత భవనంలో ఉండాలన్న సరదాకి పన్ను ఎక్కువే కావాలని లేదు. ఇరుకు మెట్ల మీద పెట్టెలు మోసే ఓపిక ఉంటే తక్కువే కావచ్చు.

ఫ్రాన్స్‌లో ఇంకో మెలిక ఉంది. నక్షత్రాలు అసలు లేని బసలకు, అంటే వర్గీకరణ తీసుకోని అద్దె ఇళ్లలాంటి వాటికి, స్థిరమైన మొత్తం కాకుండా మనిషికి పడే అద్దెలో శాతం వేస్తారు. పారిస్‌లో అది 5 శాతం, దాని మీద ప్రాంతపు అదనాలు. 2024 నుంచి పారిస్ ప్రాంతంలో ప్రజారవాణా కోసం అసలు పన్ను మీద 200 శాతం అదనంగా చేర్చారు. అంటే ఉన్నదానికి రెండింతలు కొత్తగా వచ్చి కలిసింది. హోటల్ కన్నా ఇల్లు చవక అనుకుని ఖరీదైన అపార్ట్‌మెంట్ తీసుకుంటే పన్ను తడిసి మోపెడవుతుంది.

సరిహద్దు సంగతి వెనిస్‌లో బాగా తెలుస్తుంది. నీళ్ల మధ్య పాత నగరంలో గదులు ఖరీదని చాలామంది వంతెనకి ఇవతల మెస్త్రేలో దిగుతారు. మెస్త్రే కూడా వెనిస్ నగరపాలికలోదే కాబట్టి అక్కడా వసతి పన్ను ఉంది. అయితే దాని వల్ల ఒక లాభం కూడా ఉంది. 2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్ కొన్ని రోజుల్లో పగలు వచ్చి వెళ్లేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటోంది. మొదటి ఏడాది 29 రోజులు, మనిషికి 5 యూరోలు. 2025లో 54 రోజులు, ఆఖరి నిమిషంలో కట్టేవాళ్లకి 10. నగరపాలిక పరిధిలో రాత్రి ఉండేవాళ్లకి ఇది లేదు, ఎందుకంటే వాళ్లు వసతి పన్ను కడుతున్నారు. ఇంకా చవకని పాదువాలో దిగి రోజూ రైల్లో వచ్చేవాళ్లు ఆ రోజుల్లో వస్తే కట్టాల్సిందే. ఒక మాట మర్చిపోవద్దు: మినహాయింపు ఉన్నా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని కోడ్ దగ్గర పెట్టుకోవాలి. ఊరికే "మేం హోటల్లో ఉన్నాం" అంటే సరిపోదు.

నాలుగో మెట్టు: పిల్లలు, రాత్రుల పరిమితి

మినహాయింపు వయసు ఊరూరికీ మారుతుంది. రోమ్‌లో పదేళ్ల లోపు పిల్లలకి లేదు, ఫ్లోరెన్స్‌లో పన్నెండేళ్ల లోపు, పారిస్‌లో పద్దెనిమిది నిండనివాళ్లకి లేదు. వెనిస్‌లో పదేళ్ల లోపు పూర్తిగా మాఫీ, పది నుంచి పదహారు మధ్య సగం. పిల్లల వయసు బుకింగ్‌లో సరిగ్గా రాయండి. బద్ధకించి ముగ్గురు పెద్దవాళ్లు అని కొట్టేస్తే వెబ్‌సైట్ ముగ్గురికీ లెక్క కట్టేస్తుంది. కౌంటరు దగ్గర పాస్‌పోర్ట్ చూపిస్తే సరిచేస్తారు గానీ ముందే ఆన్‌లైన్‌లో కట్టేసి ఉంటే వెనక్కి రాబట్టుకోవడం పెద్ద తతంగం.

ఎక్కువ రోజులు ఉండేవాళ్లకి పరిమితి ఉపయోగపడుతుంది. రోమ్‌లో వరసగా పది రాత్రుల వరకే పన్ను, ఫ్లోరెన్స్‌లోనూ లిస్బన్‌లోనూ ఏడు, వెనిస్‌లోనూ ఎడిన్‌బరోలోనూ ఐదు. "వరసగా" అన్న మాట ముఖ్యం. మధ్యలో రెండు రోజులు వేరే ఊరు వెళ్లొచ్చి మళ్లీ అదే హోటల్లో దిగితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే అవకాశం ఉంది. రెండు బసలుగా బుక్ చేసేముందు హోటల్‌ని ఒక మెయిల్‌లో అడిగేయండి.

ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లకి మినహాయింపు ఉంటుందని పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. జర్మనీలో ఒకప్పుడు చాలా చోట్ల ఉండేది. 2022లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం వ్యాపార ప్రయాణాల మీద కూడా ఈ పన్ను వెయ్యొచ్చని తేల్చింది. 2024 ఏప్రిల్ నుంచి బెర్లిన్ వాళ్లనీ కట్టమంటోంది.

ఐదో మెట్టు: బుకింగ్ పేజీని అడుగు నుంచి చదవడం

పైనుంచి చదివితే ఫోటోలు, స్కోర్లు, "ఒక్క గదే మిగిలింది" అనే బెదిరింపు. కావలసింది అడుగున ఉంటుంది. ధర పక్కన చిన్న గుర్తు నొక్కితే వివరం తెరుచుకుంటుంది. అందులో "కలిపినవి", "కలపనివి" అని రెండు వరసలు వెతకండి. వసతి పన్ను రెండో వరసలో ఉంటే మీ కాగితం మీది లెక్క దానికి చేర్చండి. అప్పుడే రెండు హోటళ్లని పోల్చండి. ఒకటి పన్నుతో, ఇంకొకటి పన్ను లేకుండా చూపిస్తున్నప్పుడు తెర మీద చవకగా కనిపించేది నిజంగా చవకో కాదో తేలదు.

అమెరికాలో "రిసార్ట్ ఫీజు", "డెస్టినేషన్ ఫీజు" అని కనిపిస్తే అది హోటల్‌ది, ప్రభుత్వానిది కాదు. 2025 మే 12 నుంచి అక్కడి కేంద్ర నిబంధన ప్రకారం ఇలాంటి తప్పనిసరి ఫీజులు మొదట చూపించే ధరలోనే కలపాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం తర్వాత చేర్చొచ్చు. సవానా లాంటి పాత ఊరికి వెళ్తే జార్జియా రాష్ట్రం రాత్రికి 5 డాలర్లు స్థిరంగా తీసుకుంటుంది. శాతాల మధ్య అది కనబడకుండా పోతుంది.

ఇటలీలో అద్దె ఇల్లు తీసుకుంటున్నట్లయితే ఇంకో చిన్న పరీక్ష. 2025 నుంచి ప్రతి బసకీ జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి. ప్రకటనలోనూ, భవనం బయటా కనిపించాలి. అది లేని ఇంటివాడు "పన్ను నగదుగా నా చేతికివ్వండి" అంటే ఆ డబ్బు నగరానికి చేరుతుందని నేనైతే నమ్మను.

ఆరో మెట్టు: కట్టడం, రసీదు

దిగిన రోజే అడగండి: పన్ను ఎంత, ఎప్పుడు కట్టాలి, కార్డు తీసుకుంటారా. మూడు ప్రశ్నలు, అర నిమిషం. మొదటి రోజే కట్టేస్తామంటే ఇంకా మంచిది. తెల్లవారుజామున విమానం ఉంటే ముందు రోజు సాయంత్రమే పని పూర్తి చేసుకోండి. నగదే కావాలనే చిన్న హోటళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందుకని ఆ మొత్తాన్ని నోట్లుగా విడిగా ఒక కవరులో పెట్టుకుంటాను.

కార్డు గీసేటప్పుడు మెషీన్ "మీ కరెన్సీలోనా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి. మీ కరెన్సీ నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. చిన్న పన్ను మీద కూడా చేతి చమురు వదులుతుంది.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు "మీ నగర పన్ను బాకీ ఉంది, ఈ లింకులో కార్డు వివరాలు ఇవ్వండి, లేకపోతే బుకింగ్ రద్దు" అని సందేశం రావచ్చు. బుకింగ్ యాప్ లోపలే, హోటల్ పేరుతోనే వచ్చినా తొందరపడొద్దు. హోటళ్ల ఖాతాల్లోకి చొరబడి ఇలా దోచుకునే ముఠాలు ఉన్నాయి. మీ దగ్గర కాగితం మీద లెక్క సిద్ధంగా ఉంటే సందేశంలో అడిగిన మొత్తంతో పోల్చండి. తేడా ఉంటే అనుమానించండి, సరిపోయినా హోటల్ సొంత నంబరుకి ఫోన్ చేశాకే కట్టండి.

రసీదులో పన్ను విడి వరసగా ఉండాలి. మనుషులెందరు, రాత్రులెన్ని, తలకెంత అన్నవి రాసి ఉంటే సరిచూడటం తేలిక. ప్రయాణం కుదించుకుని ఒక రాత్రి ముందే వెళ్లిపోతే ఆ రాత్రి పన్ను గురించి అడగండి. రద్దు నిబంధనల వల్ల గది అద్దె వెనక్కి రాకపోయినా, తలకి ఇంత అని తీసుకునే ఊళ్లలో మీరు పడుకోని రాత్రికి వసతి పన్ను ఉండదు. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

కట్టిన దానికి కొన్ని చోట్ల చేతికి ప్రతిఫలం కూడా వస్తుంది. జెనీవాలో, బాజెల్‌లో హోటల్లో దిగినవాళ్లకి ఉన్నన్ని రోజులూ సిటీ బస్సులు, ట్రాములు ఉచితం. దిగగానే ఆ పాస్ అడిగి తీసుకోండి. తెలియక విడిగా టికెట్లు కొనుక్కున్నవాళ్లని చూశాను.

ఏడో మెట్టు: బయల్దేరే ముందు ఒకసారి

ఈ రేట్లు ఏడాది మొదట్లోనో వేసవికి ముందో మారుతుంటాయి, సాధారణంగా పైకే. ఆరు నెలల ముందు బుక్ చేసిన గదికి మీరు వెళ్లేనాటి రేటే వర్తించడం మామూలు. ఎడిన్‌బరో మాత్రం బుకింగ్ తేదీని కూడా చూస్తుంది, 2025 అక్టోబరు 1 ముందు బుక్ చేసి డబ్బు కట్టినవాళ్లకి పన్ను పడదు. బయల్దేరే వారం ముందు ఆ నగరపాలిక సొంత వెబ్‌సైట్ తెరిచి రేటు చూడండి. బ్లాగుల్లో దొరికేది రెండేళ్ల పాతది కావచ్చు.

నా ఫోన్‌లో ప్రతి ప్రయాణానికీ ఒక వరస నోట్ ఉంటుంది. మొన్నటిది ఇలా ఉంది: "లిస్బన్. తలకి 4 యూరోలు, ఏడు రాత్రుల వరకు. ముగ్గురం, కానీ బాబుకి ఇంకా పదమూడు రాలేదు కాబట్టి ఇద్దరం. 2 × 5 × 4 = 40. కవరులో రెండు ఇరవైలు. దిగిన రాత్రే కట్టెయ్యాలి."